యాషూబు కూతుళ్ళు

ద్రాక్షపళ్ళు కోయడానికి అతారా పుట్టింటి తోటకి అత్తింటి బుట్ట పట్టుకుని బయలుదేరింది. ముందు గాడిద మీద మామ ఎల్యాదా. వెనక అత్తింటి ఆడవాళ్ళు నలుగురు, నెత్తిన ఖాళీ బుట్టలు. కొండ సగం ఎక్కేసరికి ఎండ వీపు మీదికి దిగింది. చంకలో చంటిపిల్ల నిద్రపోతోంది. నడక వచ్చిన ఇద్దరు కూతుళ్ళు ముందు పరిగెత్తి, తోట గోడ కనపడగానే ఠక్కున ఆగిపోయారు.

గోడ మీద వాళ్ళ పెద్దమ్మ మయకా నిలబడి ఉంది. అంగీ మోకాళ్ళ దాకా ఎగదోపుకుని, రెండు చేతులా ఒక బండరాయి ఎత్తి పట్టుకుంది. మేకలు తొక్కి కూలగొట్టిన చోట ఆ రాయిని కూర్చోబెట్టి, అరచేత్తో రెండుసార్లు చరిచి, అది ఇక కదలదని నమ్మకం కుదిరాకే ఇటు తిరిగింది.

"ఇంతమంది ఎందుకొచ్చారు?" అంది.

"పంటకొచ్చాం," అన్నాడు ఎల్యాదా గాడిద దిగుతూ. "మా అన్న తోట. పళ్ళు పండాయి. కోసుకోవద్దూ?"

"మా నాన్న తోట. తీగలు కత్తిరించింది నేను, పాదులు తవ్వింది నేను. నన్నొక మాట అడగాలని తోచలేదా బాబాయ్?"

"అడక్కేం తల్లీ! ఎల్లుండి ఊరి గవిని గుమ్మం దగ్గర పెద్దలు కూర్చుంటున్నారు. ఏది ఎవరిదో అక్కడ తేలుతుంది. అందాకా పళ్ళని తీగ మీద ఆగమంటే ఆగుతాయా?"

ఎల్యాదా గొంతు ఎప్పుడూ అంతే, పండిన అంజూరంలా మెత్తగా ఉంటుంది. లోపల చీమలున్నాయని కొరికితే గాని తెలియదు.

యాషూబు పోయి ఆరు నెలలైంది. మగపిల్లలు లేరు. ఉన్నది ఇద్దరు కూతుళ్ళే. పెద్దదైన మయకాని పక్క గోత్రంలో ఇచ్చారు. మొగుడు పోయాక, పిల్లాజెల్లా లేకుండా, ఎనిమిదేళ్ళ కిందట పుట్టింటికి తిరిగొచ్చింది. చిన్నది అతారా సొంత బాబాయి కొడుకు బెకెరునే చేసుకుంది; వాళ్ళలో అది కుదిరే వరసే. అప్పటిదాకా బాబాయి అయిన ఎల్యాదా ఆనాటినుంచి మామ అయ్యాడు.

మయకా గోడ దిగి చెల్లెలి ముందుకొచ్చింది. చెల్లెలి కాళ్ళకున్న మెత్తటి తోలు చెప్పులకేసి, నుదుటి మీది వెండి బిళ్ళకేసి చూసింది.

"నువ్వూ కోస్తావా?" అంది.

"ఏం, నాకు చేతుల్లేవా?"

"ఉన్నాయి. ఎప్పుడూ చూళ్ళేదు, అందుకని అడిగాను."

అత్తింటి ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. వాళ్ళలో పెద్దది షిప్రా, నోరు అదుపులో ఉండదు. బుట్ట దించుకుంటూ అంది: "మన మూలపుటమ్మలు ఇద్దరూ అక్కాచెల్లెళ్ళే కదమ్మా! ఒకే మొగుడు, తెల్లారిలేస్తే పోరు. పోరాడి పోరాడి గోత్రాలకి గోత్రాల్నే కన్నారు. మీరిద్దరూ పోరాడి ఏం కంటారో!"

"పులిసిన ద్రాక్షరసం," అంది అతారా. "నీకే పోస్తాం, తాగుదువుగాని."

ఈసారి మయకా పెదవి కూడా కొంచెం కదిలింది. కానీ వెంటనే మొహం తిప్పుకుని, కొడవలికత్తి తీసుకుని పై మడికి ఎక్కిపోయింది.

కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఏడు మళ్ళు. పైనున్న నాలుగింటిలో నల్లద్రాక్ష. ఆ మళ్ళంటే అతారాకి చిన్నప్పట్నుంచీ కడుపుమంట. ఏడేళ్ళప్పుడు నాన్నకి రొట్టెల మూట తీసుకొచ్చి గోడ బయట నిలబడేది. లోపల పదిహేనేళ్ళ మయకా నాన్న పక్కన మోకరించి తీగ కట్టేది. "ఇది నా కుడిచెయ్యి," అని నాన్న దారినపోయే వాళ్ళకి చెప్పేవాడు. నేనూ వస్తానంటే, "నీ చేతులు గాజులకమ్మా, రాళ్ళకి కాదు," అని రొట్టె అందుకుని ఇంటికి పంపేసేవాడు. గాజులు కొనిచ్చాడు కూడా. ఆమె వాటిని ఒకరోజు ఆ గోడకేసి కొట్టి పగలగొట్టింది.

ఇప్పుడు అదే గోడ లోపల నిలబడి గుత్తి కోస్తుంటే, కత్తి కింద తీగ బెరడు చీలింది.

"చింపకు!" రెండు వరసల అవతలినుంచి కేక. మయకా గబగబా వచ్చి, చెల్లెలి మణికట్టు పట్టుకుని, కత్తిని కాడ దగ్గర వాలుగా పెట్టింది. "ఇలా. లాగకూడదు. కోయాలి." అని చెయ్యి వదిలేసింది. మయకా అరచెయ్యి ఎండిన చెట్టుబెరడులా గీసుకుపోయింది. కుడిచేతి చిటికెనవేలు ఎప్పుడో విరిగి, వంకరగా అతుక్కుని ఉంది.

"ఆ వేలికేమైంది?" అంది అతారా.

"రాయి పడింది."

"ఎప్పుడు?"

"నువ్వు పండక్కొచ్చినప్పుడు. గుడ్డ చుట్టుకుని నీకు వడ్డించాను. నువ్వు చూళ్ళేదు."

*

రెండోరోజు మధ్యాహ్నానికి తొక్కుడు తొట్టి నిండింది. బండరాతిలో తొలిచిన తొట్టి అది. పైన దూలానికి తాళ్ళు వేలాడతాయి. ఆ తాళ్ళు పట్టుకుని పళ్ళు తొక్కితే రసం కాలవ గుండా కింది గుంటలోకి జారుతుంది. మిగతా ఆడవాళ్ళు కింది మళ్ళలో ఉన్నారు. తొక్కడానికి మయకా ఒక్కతే దిగింది. అతారా చంటిదాన్ని నీడలో పడుకోబెట్టి, చెప్పులు విప్పి తనూ దిగింది. దిగమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు.

కాసేపటికి దాహం వేసి అతారా నీళ్ళగొయ్యి దగ్గరికి వెళ్ళింది. కొండను తొలిచి, వాననీళ్ళు నిలవడానికి సున్నం పూసిన గొయ్యి. కుండ దించుతూ లోపలికి వంగి చూసింది. మిట్టమధ్యాహ్నపు ఎండ నిట్టనిలువుగా దిగి గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. ఆ తెల్లదనం నిండా చేతుల గుర్తులు. చిన్న చేతులు. ప్రతి కుడిచేతి గుర్తులోనూ చిటికెనవేలు పక్కకి వంగి ఉంది.

కుండ తీసుకుని తిరిగొచ్చి, కాళ్ళు లోపలికి వేలాడేసి తొట్టి అంచున కూర్చుంది.

"గొయ్యికి సున్నం నాన్న పూశాడనుకున్నాను," అంది.

"నాన్నా? పోయేముందు మూడేళ్ళ నుంచీ ఆయన కుడిచెయ్యి పైకి లేవలేదు." మయకా తాడు పట్టుకుని తొక్కుతూనే ఉంది. "నడుముకి తాడు కట్టుకుని దిగాను. పైన పట్టుకునే మనిషి లేక ఆలివ్ చెట్టుకి కట్టాను."

"నాకెవరూ చెప్పలేదే!"

"నువ్వడగలేదే! పండక్కి రావడం, ఆయన పక్కన కూర్చోవడం, తేనె అప్పాలు తుంచి నోట్లో పెట్టడం, చీకటిపడకముందే పోవడం. ఆయన మొహం వెలిగిపోయేది. ఆ వెలుగు మూడు రోజులుండేది. నాలుగోరోజు నుంచి మళ్ళీ నా ప్రాణం తీసేవాడు."

"నీకేం తక్కువ చేశాడు?" అతారా గొంతు లేచింది. "తోటంతా నీ చేతుల్లో పెట్టాడు. ఊరందరితో నా కుడిచెయ్యి, నా కుడిచెయ్యి అని నిన్నే చెప్పుకున్నాడు. నన్ను ఈ గోడ లోపల అడుగు పెట్టనిచ్చాడా?"

మయకా ఆగింది. కాళ్ళు మోకాళ్ళ దాకా నీలంగా ఉన్నాయి.

"నాకు పని ఇచ్చాడు," అంది. "చెయ్యిని ఎవరైనా ప్రేమిస్తారటే? వాడుకుంటారు. పోయిన చలికాలమంతా నన్నేమని పిలిచాడో తెలుసా? అతారా అని. అతారా నీళ్ళు, అతారా దుప్పటి. మొదట్లో, 'నాన్నా, నేను మయకాని,' అన్నాను. ముద్ద నోట్లోంచి తోసేశాడు. 'మయకా గోడ దగ్గరుంటుంది, నువ్వెవరు, అతారాని పిలు,' అన్నాడు. ఇంకేం చేయను? పలికాను. నాలుగు నెలలు నీ పేరుకి పలికాను. తినాలిగా ఆయన."

అతారాకి మొదట కలిగింది జాలి కాదు, సంతోషం. నాన్న నన్నే తలుచుకున్నాడు! చిన్నప్పుడు గోడ బయట నిలబడ్డ పిల్ల లోపల ఎక్కడో ఎగిరి గంతేసింది. ఆ గంతు పూర్తికాకముందే ఆమెకి సిగ్గేసింది. నాలుగు నెలలు తన పేరుతో తలవంచి ముద్ద కలిపిన మనిషి ఎదురుగా నిలబడి ఉంది. అతారా కళ్ళలో నీళ్ళు నిండాయి.

"తొట్టిలో ఏడవకు," అంది మయకా. "రసం ఉప్పవుతుంది."

*

ఆ సాయంత్రం ఎల్యాదా ఇంట్లో మగవాళ్ళు భోజనానికి కూర్చున్నారు. పప్పుచారు, ఉల్లిపాయలు, వేడివేడి రొట్టెలు. అతారా పొయ్యి దగ్గరినుంచి రొట్టెలు తెచ్చి పెడుతోంది. ఎల్యాదా మంచి ఉత్సాహంగా ఉన్నాడు. రొట్టె తుంచి పప్పులో ముంచుతూ కొడుకుతో అన్నాడు:

"రేపటితో అయిపోతుందిరా బెకెరూ. సరిహద్దురాయి మీ తమ్ముడు జిక్రీ కొడుకు పేరున పాతిద్దాం. ఆడపిల్లల తండ్రివి, నీకు మాత్రం ఎందుకా భారం?"

అతారా చేతిలోని పళ్ళెం అక్కడే ఆగిపోయింది. "మామా! తోట నా పేరున అన్నారుగా?"

"నీ పేరునేనమ్మా. నీ పేరంటే మన ఇంటి పేరు కాదూ? నీకు కొడుకు పుడితే వాడిదే. పుట్టకపోతే జిక్రీ కొడుకుది. బయటికేం పోదు."

"మరి నా కూతుళ్ళకి?"

ఎల్యాదా ముద్ద మింగి చిరునవ్వు నవ్వాడు. "మయకాకి ఏ న్యాయమో వాళ్ళకీ అదే న్యాయం. గడప దాటిన కూతురు ఇంటి మనిషి కాదు. రేపు నువ్వు ఒక్కసారి 'అవును' అంటే చాలు, మిగతాది నేను చూసుకుంటాను."

"అక్క ఎక్కడికి పోవాలి?"

"ఎక్కడికీ పోనక్కర్లేదు. ఆ తోటలోనే పడి ఉంటుంది. పని చేస్తుంది, పూటకో రొట్టె పడేస్తాం. దాని చేతిలో ఉన్న పని ఇంకెవరికీ రాదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను." ఎల్యాదా కోడలి మొహంలోకి చూసి గొంతు ఇంకా మెత్తగా చేశాడు. "అయినా నీకు చిన్నప్పట్నుంచీ కావలసింది అదేగా తల్లీ? నిన్ను ఎత్తుకుని తిప్పినవాణ్ణి, నాకు తెలీదూ! అక్క నీ కింద పనిచేయాలి, నువ్వు గోడ లోపల నిలబడి చూడాలి."

అతారా పళ్ళెం కింద పెట్టి పెరట్లోకి వచ్చేసింది. చెంపదెబ్బ తిన్నట్టు చెవులు వేడెక్కాయి. మామ అబద్ధం ఆడి ఉంటే బావుండేది. తిరగలి దగ్గర కూర్చుని, రేపటి గోధుమలు ఇప్పుడే పోసి విసరడం మొదలుపెట్టింది.

బెకెరు వెనకాలే వచ్చి నిలబడ్డాడు. పొడుగాటి మనిషి. తండ్రి ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం కొంచెం పొట్టిగా కనిపిస్తాడు.

"నాన్నకి ఎదురు చెప్పకు," అన్నాడు. "మెల్లగా చూద్దాం."

"మెల్లగా అంటే ఎప్పుడు? పెద్దదాని పెళ్ళినాటికా? దాని మొగుడు పోయి అది తిరిగొచ్చిన నాటికా?"

"అలాంటి మాటలనకు."

"మా అక్క పెళ్ళిలో కూడా అలాంటి మాటలు ఎవరూ అనలేదు."

బెకెరు వంగి, తిరగలి చుట్టూ చెదిరిన పిండిని అరచేత్తో కూడదీసి గుడ్డలో పోశాడు. ఆ పని అయ్యాక కూడా కాసేపు అక్కడే చతికిలబడి ఉన్నాడు.

*

పొద్దున గవిని దగ్గర రాతిబల్లల మీద పదిమంది పెద్దలు కూర్చున్నారు. నడుమ హన్నీయేలు. తొంభై ఏళ్ళ మనిషి, ఒక చెవి వినపడదు, రెండో చెవి తనకి కావలసినప్పుడు వినపడుతుంది. ఎండు అంజూరం బుగ్గన పెట్టుకుని చప్పరిస్తున్నాడు. గాడిదలు తోలుకుపోయేవాళ్ళూ, నీళ్ళకి పోయే ఆడవాళ్ళూ ఆగి చూస్తున్నారు. అతారా చంటిదాన్ని ఎత్తుకుని మామ పక్కన నిలబడింది. పెద్దపిల్లలిద్దరూ ఆమె అంగీ పట్టుకుని ఉన్నారు. బెకెరు జనం వెనకాల గోడకి ఆనుకున్నాడు.

మయకా ఆలస్యంగా వచ్చింది. తొట్టిలోంచి నేరుగా వచ్చినట్టుంది. కాళ్ళకి చెప్పుల్లేవు. మోకాళ్ళ దాకా నీలం రంగు ఎండి, పగుళ్ళు తీసింది.

ఎల్యాదా చక్కగా మాట్లాడాడు. చనిపోయిన అన్నని తలుచుకుని కళ్ళు తుడుచుకున్నాడు. కొడుకులు లేనివాడి భూమి కూతుళ్ళకి వస్తుందన్న కట్టడ తనకీ తెలుసన్నాడు. "కానీ మయకా పరాయి గోత్రపు ఇల్లాలయ్యింది. ఆ ఇంటి రొట్టె తింది, ఆ ఇంటి మనిషి కోసం శోకాలు పెట్టింది. కాబట్టి ఇవాళ మా అన్నకి మిగిలిన కూతురు ఒక్కతే. మయకాని మేం వీధిన పడేయం. కడుపులో పెట్టుకు చూసుకుంటాం."

పెద్దలు తలలూపారు. హన్నీయేలు అంజూరం ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చాడు.

"అమ్మాయ్ అతారా! విన్నావుగా. యాషూబుకి నువ్వొక్కతివే వారసురాలివైతే అవునను. మీ అక్క చెప్పు విప్పి నీ చేతికిస్తుంది. దాంతో తోట మీద ఆవిడ హక్కు వదిలేసినట్టు. మేం సాక్షులం. ఎండ ముదరకముందే ఇళ్ళకి పోదాం."

"విప్పడానికి నాకు చెప్పుల్లేవు పెద్దయ్యా," అంది మయకా.

అందరూ ఆ కాళ్ళకేసి చూశారు. ఎవరో నవ్వారు. నవ్వు ఒకరినుంచి ఒకరికి పాకింది.

"అదెంత పని!" అన్నాడు ఎల్యాదా. వంగి తన కుడికాలి చెప్పు విప్పి మయకా ముందు దుమ్ములో పడేశాడు. "ఇది తొడుక్కుని విప్పమ్మా. లాంఛనమే కదా."

పెద్ద మగవాడి చెప్పు. మయకా కాళ్ళు రెండూ పడతాయి అందులో. ఈసారి నవ్వు గట్టిగానే వినపడింది. పెద్దల్లో ఇద్దరు కూడా నవ్వారు. మయకా ఆ చెప్పుకేసి చూస్తూ నిలబడింది. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు గాని, నీలం రంగు కాలివేళ్ళు దుమ్మును గట్టిగా పట్టుకోవడం అతారాకి కనిపించింది. ముద్ద తోసేసిన నాన్న ముందు కూడా అక్క ఇలాగే నిలబడి ఉంటుందని అతారాకి తోచింది.

చంటిదాన్ని భుజానికెత్తుకుని ముందుకి నడిచింది. వంగి ఆ చెప్పు తీసుకుంది. తీసుకెళ్ళి ఎల్యాదా కాలి దగ్గర తిన్నగా పెట్టింది.

"తొడుక్కో మామా," అంది. "దారినిండా పల్లేరుకాయలున్నాయి."

నవ్వు ఆగిపోయింది.

"ఏమంటోంది?" అని హన్నీయేలు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "అవునంటోందా, కాదంటోందా?"

"కాదంటున్నాను పెద్దయ్యా. యాషూబుకి ఇద్దరు కూతుళ్ళు."

"చంటిపిల్ల తల్లి," అన్నాడు ఎల్యాదా పెద్దలకేసి చూసి. "నిద్ర చాలక..."

"నిద్ర బాగానే పట్టింది మామా. పెళ్ళయితే కూతురు కూతురు కాకుండా పోతుందంటే, నాకూ పెళ్ళయింది. నేనూ కాను. పోదాం పదండి ఇళ్ళకి."

"నువ్వు మన గోత్రంలోనే ఉన్నావు. భూమి గోత్రం దాటిపోకూడదనే కదా మా బాధ!"

"అక్క దాటించి ఎవరికిస్తుంది? పోయిన మొగుడికా, పుట్టని కొడుక్కా?" అతారా గొంతు పైకి లేచింది. "పరాయి రొట్టె తిందన్నారు. ఎనిమిదేళ్ళుగా ఆమె ఎవరి రొట్టె తింటోంది? నాన్న రొట్టె అంటారా? కాదు, నాన్నే ఆమె రొట్టె తిన్నాడు. నేను పండక్కొచ్చి తేనె అప్పాలు పెట్టి పోయాను. నమ్మకపోతే ఆ నీళ్ళగొయ్యిలోకి దిగి చూడండి, సున్నం మీద ఎవరి చేతులున్నాయో. మన పూర్వులు అరణ్యంలో తిరిగేనాడు అందరి ముందూ నిలబడి, కూతుళ్ళకీ వాటా ఇవ్వమని అడిగిన అయిదుగురూ ఎవరు పెద్దయ్యా? మన గోత్రపు ఆడపిల్లలే కదా! వాళ్ళకి పెళ్ళిళ్ళు కాలేదా? అయ్యాక ఇచ్చింది లాక్కున్నారా? నాకు ముగ్గురు కూతుళ్ళు. ఇవాళ అక్క మెడకి చుట్టింది రేపు వాళ్ళ మెడకీ చుట్టుకుంటుంది. నా నోటితో అవునన్నాక, అప్పుడు కాదనడానికి నాకు నోరెక్కడిది?"

నీళ్ళకి పోయే ఆడవాళ్ళు కుండలు దించారు.

ఎల్యాదా గొంతులో మెత్తదనం పోయింది. "నా ఉప్పు తింటూ నడివీధిలో నన్ను..."

"ఉప్పు తిన్నాను. విసిరి, వండి, వడ్డించి మరీ తిన్నాను."

"అయితే ఈ పూట నుంచి నా గడప తొక్కకు!"

హన్నీయేలు చెయ్యెత్తాడు. "ఆగండి. ఈ పిల్ల మొగుడెక్కడ? వాడేమంటాడు?"

తలలన్నీ గోడకేసి తిరిగాయి. బెకెరు చాలాసేపు నేలచూపులు చూశాడు. తండ్రి దగ్గు వినపడింది. అయినా బెకెరు తలెత్తాడు.

"వాళ్ళ నాన్నకి ఎంతమంది కూతుళ్ళో నాకంటే ఆమెకే బాగా తెలుసు," అన్నాడు. అంతే. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు.

హన్నీయేలు అంజూరపు తొడిమ ఊసి, పక్కవాళ్ళతో తలలు కలిపాడు. గుసగుసలు సాగాయి. ఇద్దరు అడ్డంగా తలలూపారు, ఆ తర్వాత నిలువుగా ఊపారు. చివరికి ముసలాయన అన్నాడు: "ఇద్దరు కూతుళ్ళు. రెండు పాళ్ళు. పై నాలుగు మళ్ళూ ఒక పాలు. కింది మూడు మళ్ళూ, తొక్కుడు తొట్టీ, నీళ్ళగొయ్యీ ఇంకో పాలు. చీట్లు వేయండి."

చీట్లంటే రెండు గులకరాళ్ళు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. ఎవరిదో తలగుడ్డలో వేసి కుదిపారు. పెద్దది గనక మయకా ముందు చెయ్యి పెట్టింది. తెల్లరాయి వచ్చింది. కింది మళ్ళు.

పై మళ్ళు, ఆమె రాయి రాయీ పేర్చి గోడ కట్టిన నల్లద్రాక్ష మళ్ళు, చెల్లెలికి పోయాయి.

*

ఇద్దరూ నాలుగడుగుల ఎడంలో కొండ ఎక్కారు. పిల్లలు వెనక వస్తున్నారు. తోట దగ్గరికి వచ్చాక అతారాయే అంది:

"మార్చుకుందామా అక్కా? పైవి నువ్వు తీసుకో."

మయకా గిర్రున తిరిగింది. "దానం చేస్తున్నావా నాకు?"

"దానమేమిటి? ఆ గోడలు కట్టింది నువ్వు."

"చీటీలో నీకొచ్చింది. ఉంచుకో. గవిని దగ్గర ఒకసారి పెట్టావుగా, చాలదా? నీ పెట్టుపోతలతో ఎన్నాళ్ళు బతకమంటావు?" రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది. "అసలు నా మాటలు నా దగ్గరే ఉన్నాయి. రాత్రంతా కూర్చి పెట్టుకున్నాను. ఆ చెప్పు ఎత్తి గుమ్మం అవతల విసిరేసేదాన్ని. అంతలో నువ్వొచ్చి దూరావు. ఎప్పుడూ ఇంతే నువ్వు. అందరూ నీకేసే చూడాలి."

అతారాకి ఒళ్ళు మండింది. "నిలబడే ఉన్నావుగా మరి! ఎంతసేపు నిలబడతావు? విసిరితే విసరలేకపోయావా?"

"విసరబోతున్నాను!"

"నాకు కనపళ్ళేదు!"

"నీకు ఎప్పుడు ఏం కనపడింది గనక!"

పిల్లలు ఇద్దరి మొహాలకేసీ మార్చి మార్చి చూశారు. చంటిది ఏడుపు అందుకుంది. అతారా దాన్ని ఊపుతూ పై మడికి ఎక్కేసింది. అక్కడ కాపలా గుడిసె ఒకటుంది, ఆలివ్ కొమ్మల కప్పు. నేల ఊడ్చి, పిల్లల్ని కూర్చోబెట్టి, కత్తి తీసుకుని వరసలోకి దిగింది. కత్తిని కాడ దగ్గర వాలుగా పెట్టింది. కోసింది. మొదటి గుత్తి బుట్టలో పడ్డాక ఒక్క క్షణం ఆగి చుట్టూ చూసింది. ఈ తీగ నాది. ఆ గోడ నాది. గోడ బయట ఎవరూ లేరు. ఆ ఆనందం ఎవరికీ చెప్పుకునేది కాదు, అయినా కడుపునిండా ఉంది. దాని అడుగున భయం కూడా ఉంది. రాత్రికి పిల్లలకేం పెట్టాలి?

పొద్దు వాలుతుండగా బెకెరు వచ్చాడు. ఆమె తిరగలిని మూటగట్టి భుజాన మోసుకొచ్చాడు, రెండు రాళ్ళూ. చెమటలు కారుతున్నాయి. చేతిలో పిండిగుడ్డ ఉంది.

"నాన్న చూడలేదు," అన్నాడు దించుతూ.

"చూస్తే?"

బెకెరు భుజం రుద్దుకున్నాడు. "చూస్తే చూడనీ," అన్నాడు. తర్వాత ఆ మాట అన్నది తనేనా అన్నట్టు కొండ కిందికి ఒకసారి చూసుకున్నాడు. పిల్లలిద్దరూ అతని మోకాళ్ళకి చుట్టుకున్నారు. ఎద్దులకి మేత వేయాలని, రేపు వస్తానని చెప్పి దిగిపోయాడు. రేపు వస్తాడో రాడో అతారాకి తెలియదు. వస్తాడనే అనుకుంది.

పిండి ఉంది. కలపడానికి నీళ్ళు లేవు. గొయ్యి ఇప్పుడు అక్కది.

అతారా గోడ అంచుకి వెళ్ళి నిలబడింది. కింద తొక్కుడు తొట్టిలో మయకా ఒంటరిగా తాడు పట్టుకుని తొక్కుతోంది.

"అక్కా! నీళ్ళు కావాలి!"

తాడు ఊగుతూనే ఉంది.

"అక్కా!"

"వినపడింది," అంది మయకా, తొక్కడం ఆపకుండా. "ఎన్ని?"

"ఒక కుండ."

"అడిగినప్పుడల్లా ఇస్తాను. కానీ ప్రతిసారీ అడగాలి."

"అడుగుతాను. నా పళ్ళు తొక్కాల్సింది నీ తొట్టిలోనే. నేనూ ప్రతిసారీ అడుగుతాను. చెవులు తెరుచుకునుండు."

మయకా తొట్టి దిగింది. తొందరేం లేకుండా కాళ్ళు తుడుచుకుంది, తొందరేం లేకుండా కుండ దించింది, తోడింది. మెట్లెక్కి వచ్చి సరిహద్దు గోడ మీద కుండ పెట్టింది. గోడ ఇవతలికి మాత్రం అడుగు వేయలేదు. అక్కడే నిలబడి, చెల్లెలు కోసిన తీగని తలవంచి చూసింది. కాడలన్నీ శుభ్రంగా, వాలుగా తెగి ఉన్నాయి. వెనక్కి తిరిగి దిగిపోయింది.

అతారా కుండలోకి చూసింది. నిండా లేదు. సరిగ్గా సగం.

"ఇది సగమే!" అని అరిచింది.

"పిండికి సరిపోతుంది!"

"పిల్లలు తాగద్దూ?"

"తాగమను. చాలకపోతే ఇంకోసారి అడుగు!"

అతారా పిల్లలిద్దరికీ తాగించి, తనూ ఒక గుక్క తాగి, మిగిలిన నీళ్ళతో పిండి కలిపింది. మూడు రాళ్ళు పెట్టి మంట వేసింది. నాలుగు రొట్టెలు చేసి, ఇంకా పిండి మిగిలితే అయిదోది కూడా ఒత్తింది. అది కాలాక మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళింది.

"అక్కా! రొట్టె కావాలంటే అడుగు!"

కింద తాడు ఆగింది.

"ఉల్లిపాయ ఉందా?" అంది మయకా.